ఎందుకైనా మంచిదని వదిలిన ట్యాబు

కోతల మాస్టారు అనగానే గొప్పలు చెప్పుకునే మనిషి అనుకునేరు. అబ్బే! ఆయన నోటి వెంట వరసగా నాలుగు మాటలు రావడమే గగనం. కంపెనీలో ఆయన చేసే పని కోతలు గీయడం. అందుకని ఎవరో సరదాకి ఆ పేరు పెట్టారు, అది కాస్తా అతుక్కుపోయింది. మీ ఇంట్లో కరెంటు మీటరు మూత తీసి చూస్తే లోపల ఆకుపచ్చ బోర్డు ఒకటి కనిపిస్తుంది, దాని మీద సన్నటి రాగి గీతలూ, చీమ తలకాయంత సామానూ ఉంటాయి. (తీయకండి బాబూ, షాక్ కొడుతుంది. మాటవరసకి చెప్పాను.) ఆ బోర్డులు ఒక్కొక్కటిగా పుట్టవు. ఒక పెద్ద పలక మీద కవలపిల్లల్లా పక్కపక్కనే బోలెడు పుడతాయి. బోర్డుకీ బోర్డుకీ మధ్య సందు కోస్తారు గానీ పూర్తిగా కొయ్యరు, అక్కడక్కడ గోరంత ముక్క వదిలేస్తారు. దాన్నే ట్యాబు అంటారు. దాని మీద ఎలుక కొరికినట్టు వరసగా సన్నసన్న చిల్లులు పెడతారు. మిషన్లు సామానంతా పేర్చి, అది అతుక్కోడానికి పలక ఓవెన్‌లో కాగి బయటికొచ్చాక, ఆ చిల్లుల దగ్గర వంచితే టక్కున విరిగి ఏ బోర్డుకా బోర్డు విడిపోవాలి.

సందు ఎక్కడ కొయ్యాలి, ట్యాబు ఎక్కడ వదలాలి, అది ఎంత లావుండాలి, ఎన్ని చిల్లులు పెట్టాలి, ఇదంతా కంప్యూటరు ముందు కూర్చుని గీసేది మన మాస్టారే. ఓస్, ఇంతేనా అంటారు. ఇంతే. కాకపోతే ట్యాబు సన్నమైతే ఓవెన్ వేడికి పలక నడుం వంగి కిందికి జారిపోతుంది. లావైతే చివర్లో విరిచేవాళ్ళ చేతులు పోతాయి. ఓవెన్ సంగతి మాస్టారికి క్షుణ్ణంగా తెలుసు. చేతుల సంగతే తెలీదు.

ఈ విద్య ఎక్కడ అబ్బిందయ్యా అంటే, చదువుకున్న చోట కాదు, అక్క కత్తెర దగ్గర. అమ్మానాన్నలు పోయేనాటికి అక్కకి పెళ్ళీడు, తమ్ముడికి ఇంకా పలకా బలపం వయసు. పెళ్ళి మాట పక్కన పడేసి అక్క కుట్టుమిషను ముందు కూర్చుంది. తమ్ముడు బల్ల కింద కూర్చుని చదువుకునేవాడు. చదివింది తక్కువ, అక్క గుడ్డ పరిచి కొలతలు వేయడం చూసింది ఎక్కువ. వచ్చే గుడ్డ ఎప్పుడూ బెత్తెడు తక్కువే ఉండేది. అయినా అటు తిప్పి ఇటు తిప్పి, చేతి ముక్కని మెడ వంపులోకి జరిపి, ఎక్కడా చింపి అతికించకుండా చొక్కా లేపేది. చివరికి మిగిలిన పీలికలు గుప్పిట్లో పట్టేవి. పెద్దయ్యాక ఒక పలక మీద ఎవరూ ఇరికించలేనన్ని బోర్డులు మాస్టారు ఇరికిస్తుంటే, ఈయన బుర్రే బుర్ర అన్నారు అందరూ. బుర్ర సంగతలా ఉంచండి, ఆ చూపు మాత్రం అక్కదే.

తరవాత రోజులు మారాయి. దుకాణాల్లో కుట్టిన బట్టలు చవగ్గా దొరుకుతుంటే కొలతలిచ్చి కుట్టించుకునేదెవరు? అక్క మిషను మీద దుప్పటి పడింది. అప్పటికి తమ్ముడు బోర్డుల కంపెనీలో కుదురుకున్నాడు. ఊరికే కూర్చుంటే తనకి ఊపిరాడదని అక్క గోల పెడితే, కింది అంతస్తులో బోర్డులు విరిచే బల్ల దగ్గర పని ఇప్పించాడు.

"కొన్నాళ్ళే అక్కా. మన ఇంటికి వీధివైపు ఒక గది వేసుకుందాం. నీ మిషను అందులో పెట్టేద్దాం. పెద్ద బల్ల చేయిస్తాను, గుడ్డ ఎంత పొడుగున్నా పరుచుకోవచ్చు."

"అలా అయితే ఇంకేం కావాలిరా నాకు. పిల్లల బట్టలే కుడతాను. పిల్లల బట్టల్లో ఉన్న సుఖం ఇంక దేన్లోనూ లేదు," అంది అక్క.

ఆవిడకున్న కోరికల్లా ఆ గదే. చీరా సారె అడిగిన మనిషి కాదు, తీర్థం యాత్ర అన్న మనిషీ కాదు. బల్ల దగ్గర వాళ్ళెవరైనా పిల్లల్ని తీసుకొస్తే, ముందు ఆ పిల్ల గౌను అంచు తిప్పి కుట్టు చూసేది, తరవాతే మొహం చూసేది.

అక్క పనిలో చేరిన కొత్తల్లోనే ఓవెన్ గొడవ జరిగింది. మాస్టారు ఒక పలకకి ట్యాబులు మరీ నాజూగ్గా పెట్టాడు. ఓవెన్ మధ్యలోకి వెళ్ళేసరికి అది వంగి పట్టాల మీంచి జారింది, దాని వెనకాల వచ్చేవన్నీ దాని మీద పడ్డాయి. సాయంత్రం దాకా లైను ఆగిపోయి కంపెనీ అంతా కాలిన వాసన. ఓనరు చెడ్డవాడు కాదు గానీ కోపమొస్తే ముందూ వెనకా చూడడు. మాస్టారిని కిందికి పిలిపించి, అందరి ముందూ నిలబెట్టాడు.

"నేను నిన్ను పలక గియ్యమన్నానా, ఉయ్యాల గియ్యమన్నానా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. విరిచే బల్ల దగ్గర నిలబడి అక్క అంతా చూసింది. ఆ సాయంత్రం మాస్టారు అన్నం ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకుని, రేపట్నుంచి పనికి వెళ్ళనన్నాడు.

"వెళ్తావు. వెళ్ళి ఈసారి గట్టిగా గియ్యి. ఎవడేమంటాడో నేనూ చూస్తాను," అంది అక్క.

వెళ్ళాడు. గట్టిగానే గీశాడు. ఆ రోజు నుంచీ ప్రతి పలక మీదా ఒక ట్యాబు ఎక్కువ వదలడం అలవాటైంది. ఎవరూ అడగలేదు, ఏ లెక్కా అడగలేదు. పని అంతా అయిపోయాక, ఫైలు పంపించే ముందు, ఎందుకైనా మంచిదని ఒకటి తగిలించేవాడు. ఉన్నవాటిని కాస్త లావు చేసేవాడు. రెండు చిల్లులు తగ్గించేవాడు. మీటరు బోర్డుల దగ్గర ఈ జబ్బు మరీ ముదిరింది. ఆ బోర్డు మధ్యలో అంకెలు కనపడే అద్దం కోసం ఒక కిటికీ ఉంటుంది. కిటికీలోని ముక్కని ముందే తీసేస్తే పలక నీరసపడుతుంది కాబట్టి, చుట్టూ సందు కోసి, ముక్కని ట్యాబుల మీదే నిలబెట్టి ఉంచుతారు. ఓవెన్ దాటాక బల్ల దగ్గర ఎవరో బొటనవేలితో గట్టిగా నొక్కి దాన్ని అవతలికి తోసేయాలి. దానికి రెండు ట్యాబులు బోలెడు. మాస్టారు మూడు పెట్టాడు. మరుసటి మోడల్‌కి నాలుగయ్యాయి.

ఆ తరవాత ఆయన పలక ఒక్కటి కూడా వంగలేదు. ఓనరు కొత్తగా వచ్చినవాళ్ళకి ఆయన్ని చూపించి, "ఈయన గీస్తే రైలు పట్టా అనుకోండి," అనేవాడు. మాస్టారికి అంతకంటే గర్వమైన సంగతి ఇంకోటుంది. మిగతావాళ్ళు గీసినవాటి మీద బల్ల దగ్గర్నుంచి రోజుకో సణుగుడు పైకి వచ్చేది, ఇది విరగలేదనీ, అది చిట్లిందనీ. ఆయన బోర్డుల మీద మాత్రం ఒక్క మాట వచ్చేది కాదు. ఏళ్ళు గడిచినా రాలేదు. అది తన పనితనమనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు లెండి, మెచ్చుకోలు ఎక్కణ్ణుంచి వస్తోందని ఎవరు ఆరా తీస్తారు?

బల్ల ఉన్నది ఆయన కుర్చీకి సరిగ్గా కింద. మెట్లు దిగి ఎడం చేతివైపు తిరిగితే చాలు. ఆయన తిరగలేదు. ఓవెన్ దగ్గరికి రోజూ వెళ్ళి పలక నిటారుగా వస్తోందో లేదో వంగి చూసి, మళ్ళీ మెట్లెక్కేసేవాడు. అక్కకి భోజనం కిందే, ఆయనకి భోజనం పైనే. సాయంత్రం ఇద్దరూ కలిసి ఇంటికి నడిచి వెళ్ళేవాళ్ళు, దారిలో గది గురించి మాట్లాడుకునేవాళ్ళు. కిటికీ ఏవైపు పెట్టాలి, బల్ల ఎంత ఎత్తుండాలి, ఇవే కబుర్లు. ఆ కొన్నాళ్ళు కాస్తా ఏళ్ళయ్యాయి. మాస్టారి పెళ్ళి, పిల్లాడి చదువు, ఇంటి పైకప్పు మరమ్మతు, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ప్రతిసారీ గది వెనక్కి జరిగింది. అక్క ఎప్పుడూ ఏమీ అనలేదు.

ఆఖరికి గది పడింది. వీధిలోకి పెద్ద తలుపు, తూర్పు వైపు కిటికీ, గోడకి అడ్డంగా మాట ఇచ్చినట్టే పొడుగాటి బల్ల. మాస్టారు దగ్గరుండి నూనె పెట్టించి మిషను బాగు చేయించాడు. అక్క కంపెనీ మానేసింది. మానేసిన రోజు బల్ల దగ్గర ఆడవాళ్ళు ఆవిడకి ఒక కొత్త కత్తెర కొనిచ్చి పంపారు. ఒకరిద్దరు ఏడ్చారు కూడానట. మాస్టారు పైనే ఉన్నాడు, ఆ సంగతి తరవాత తెలిసింది.

అక్క మానేసిన వారం తిరక్కుండానే పైన ఫోను మోగింది. కింద బల్లకి పెద్ద ఒకావిడ ఉంది. ఆవిడ గొంతు మిషన్ల మోతని దాటి వినపడుతుందని అందరూ సైరన్ అంటారు, ఆవిడకీ ఆ పేరంటే కోపం లేదు.

"మాస్టారూ, మీ మీటరు బోర్డులు విరగట్లేదు. ఇద్దరు చేతులెత్తేశారు. మీరు కిందికొస్తారా, పలకలు పైకి పంపమంటారా, మీరే విరుచుకుందురుగానీ?"

మాస్టారు ఫోను ఠక్కున పెట్టేశాడు. తన బోర్డుల మీద మొదటి మాట! కొత్తగా వచ్చినవాళ్ళకి చేతకాక తన మీద పెడుతున్నారనుకున్నాడు. మెట్లు దిగుతున్నంతసేపూ లోపల ఉడికిపోయాడు. బల్ల దగ్గరికొచ్చి కొత్తమ్మాయిల వంక కోపంగా చూసి, సైరన్‌తో అన్నాడు:

"ఇన్నేళ్ళూ విరిగినవి ఇవాళ ఎందుకు విరగవమ్మా?"

"ఇన్నేళ్ళూ విరిచింది మీ అక్క కాబట్టి."

"మా అక్క ఒక్కతేనా విరిచింది? మీరంతా లేరూ?"

సైరన్ చేతిలో పని ఆపింది. "మీకు నిజంగానే తెలీదా?" అని అడిగింది. ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడటం మాస్టారు ఎప్పుడూ వినలేదు. "మీరు గీసిన పలకలు వచ్చాయంటే చాలు, బుట్ట లాగి తన ముందు పెట్టేసుకునేది. ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. మొదట్లో నేను మీకు ఫోన్ చేస్తానంటే రెండు చేతులూ పట్టేసుకుంది. 'వద్దు తల్లీ, వాడి పేరు పైన చెడ్డగా వినపడకూడదు, నేను చూసుకుంటాను' అంది. సరేనన్నాను. మాకేం, మొండి బోర్డులు తప్పాయి కదా అనుకున్నాం. నాదీ తప్పే, కాదనను."

మాస్టారు బుట్టలోకి తొంగి చూశాడు. "ప్లయరుతో విరవచ్చుగా," అన్నాడు.

"ప్లయరు పెడితే అంచు చిట్లుతోంది. ఆవిడ బొటనవేళ్ళతోనే తోసేది. మధ్యాహ్నానికి వేళ్ళకి గుడ్డపీలిక చుట్టుకునేది. కుట్టు మిషను కోసం అలవాటు చేసుకుంటున్నానని నవ్వేది."

మాస్టారు ఒక బోర్డు తీసుకున్నాడు. తను గీసిన బోర్డే, కళ్ళు మూసుకుని కూడా ఏ ట్యాబు ఎక్కడుందో చెప్పగలడు. కిటికీ ముక్క మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. కదల్లేదు. రెండు వేళ్ళూ పెట్టాడు. అప్పుడూ కదల్లేదు. పళ్ళు బిగబట్టి ఒంటి బరువంతా మోపితే, గోటి కింద భగ్గుమని నొప్పి లేచాక ముక్క ఊడి కింద పడింది. వేలి కొస ఎర్రగా కందిపోయింది, మీద చిల్లుల అచ్చు పడింది. అది ఒక్క బోర్డు. పక్కన బుట్ట నిండా ఉన్నాయి. బుట్ట వెనక ఇంకో బుట్ట ఉంది. కొత్తమ్మాయిలు నవ్వుతారేమోనని చూశాడు. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు ఒక్కొక్కటే బయటికొచ్చాయి, ఇన్నాళ్ళూ చూస్తూ చూడనివి. సీసా మూత రాకపోతే అక్క తెచ్చి తన చేతిలో పెట్టడం, "ముసల్దానివైపోయావక్కా" అని తను వెక్కిరిస్తూ మూత తీసివ్వడం. నీళ్ళ బిందె మోచేతి మీద ఎత్తుకోవడం. అన్నం ముద్ద కలపలేక చెంచా అడిగితే, దొరసాని అయిపోయిందని ఇంట్లో అందరూ నవ్వడం. అందరికంటే గట్టిగా తనే నవ్వాడు.

తనకి ఒంట్లో బాలేదని ఓనరుకి చెప్పి ఇంటికి బయల్దేరాడు. అబద్ధమేం కాదు. వీధి మలుపు తిరిగేసరికి గది గుమ్మంలో ఒకావిడ నిలబడి గునుస్తోంది.

"ఇవాళ కూడా కాలేదా అండీ? బడి తెరిచేస్తున్నారు, పిల్లకి గౌను లేదు."

"రేపు తప్పకుండా ఇచ్చేస్తానమ్మా. కత్తెర మొద్దుబారింది, సాన పెట్టించాలి," అంటోంది అక్క.

ఆవిడ విసుక్కుంటూ వెళ్ళిపోయింది. మాస్టారు లోపలికొచ్చి చూశాడు. బల్ల మీద నీలం గుడ్డ పరిచి ఉంది, సుద్దతో గీతలన్నీ గీసి ఉన్నాయి. కోత మాత్రం అంచులో వేలెడంత మేర పడి ఆగిపోయింది. ఆ వేలెడూ కూడా ఎలుక కొరికినట్టు వంకరటింకరగా ఉంది. కొత్త కత్తెర తీసుకుని ఒక కాగితం మీద పెట్టాడు. వెన్నలా కోసింది.

"కత్తెరకేం కాలేదక్కా."

అక్క గుడ్డ మడతలు సర్దబోయింది.

"చెయ్యి ఇటియ్యి."

"ఎందుకురా? పనివేళ ఇంటికొచ్చావేం? జ్వరమా?" అంటూ చేతిని నీలం గుడ్డ కిందికి జరిపింది. మాస్టారు గుడ్డ ఎత్తి చెయ్యి పట్టుకున్నాడు. చిన్నప్పుడు ఆ చెయ్యి పట్టుకునే రోడ్డు దాటేవాడు. బొటనవేలి మొదట్లో ఎముక పక్కకి తోసుకొచ్చి బొడిపె కట్టింది. నెమ్మదిగా నొక్కితే అక్క "అమ్మా" అని కళ్ళు మూసుకుంది. రెండో చెయ్యీ అంతే.

మాస్టారి భార్య గుమ్మంలోకి వచ్చింది. "వదిన జడ వేసుకోలేకపోతోందని ఎప్పట్నుంచి చెప్తున్నాను? రోజూ నేనే వేస్తున్నాను. వయసులే అన్నారు మీరు," అంది. నిజమే, అలా అన్నది తనే.

డాక్టరు చేతులకి ఎక్స్‌రే ఫోటో తీయించి వెలుతురుకి ఎత్తి చూశాడు. కీలు అరిగిపోయిందన్నాడు. నొప్పికి మందులున్నాయి, పట్టీ ఉంది, మరీ అయితే ఆపరేషనూ ఉంది. ఏం చేసినా మునుపటి పట్టు రాదు, కత్తెర పని మర్చిపోవాలి అన్నాడు.

"మిషను తొక్కచ్చా బాబూ?" అని అడిగింది అక్క.

"తొక్కేది కాళ్ళే కదమ్మా, తొక్కండి. కానీ గుడ్డ పట్టి నడిపేది చేతులు కదా," అన్నాడు డాక్టరు.

తిరిగొచ్చేటప్పుడు మాస్టారు రోడ్డు మీదే ఏడ్చాడు. జనం చూస్తున్నారని కూడా లేదు. అక్క ఆయన భుజం తడుతూ నడిచింది. "ఊరుకోరా, చిన్నపిల్లాడిలా. పోనీ గది ఉంది కదా. కిటికీలోంచి గాలి ఎంత బాగా వస్తోందనుకున్నావు!" అంది. ఇంతకంటే ఆ మనిషి తిట్టినా, జుట్టు పట్టుకు కొట్టినా ఆయనకి హాయిగా ఉండేది.

మర్నాడు కంపెనీకి వెళ్ళి మీటరు బోర్డు ఫైలు తెరిచాడు. కిటికీ చుట్టూ ఉన్న నాలుగు ట్యాబుల్లో రెండు తీసేశాడు. మిగిలిన రెంటినీ సన్నం చేసి, చిల్లులు దగ్గర దగ్గరగా వేశాడు. బల్ల మీది టీ చల్లారేలోపే పని అయిపోయింది. పలకలు తయారై వచ్చిన రోజు ఓవెన్ దగ్గర నిలబడ్డాడు. ఇన్నేళ్ళ భయంతో రెప్ప వెయ్యకుండా పట్టాల వంకే చూశాడు. పలక లోపలికెళ్ళింది, బయటికొచ్చింది. స్కేలు పెట్టి గీసినట్టుంది, వెంట్రుకవాసి కూడా వంగలేదు. వెనకది వచ్చింది, అదీ అంతే. వంగితే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది ఆయనకి. వంగితే కనీసం ఆ లావు ట్యాబులకి ఒక అర్థముండేది, అక్క చేతులు దేనికోసమో పోయాయని చెప్పుకోవడానికుండేది. వంగలేదు. వాటి అవసరం ఎప్పుడూ లేనే లేదు.

సాయంత్రం సైరన్ ఫోన్ చేసింది. "మాస్టారూ, బంగారం! ఇలా వేలు ఆనిస్తే అలా ఊడి పడుతోంది. మా పిల్లలు పాటలు పాడుకుంటూ విరుస్తున్నారు. ఇంత సులువైన పని ఇన్నాళ్ళూ ఎందుకు..." అంటూ మధ్యలోనే ఆగిపోయి, "సరే ఉంటానండీ," అని పెట్టేసింది.

మాస్టారు ఆ తరవాత పాత ఫైళ్ళన్నీ తెరిచాడు. ఒక్కో పలకలోంచీ ఎందుకైనా మంచిదని పెట్టిన ట్యాబుని వెతికి వెతికి తీసేశాడు. వాటిలో సగం బోర్డులు ఇప్పుడు ఎవరూ చేయడం లేదు. అయినా తీశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే మరి. అందులోనూ కాలిన చేతులు ఆయనవి కావు.

ఇంటికొచ్చేసరికి అక్క గదిలో కూర్చుని ఉంది. నీలం గుడ్డ మడతపెట్టి పక్కన పెట్టేసింది, పిల్ల తల్లి వచ్చి పట్టుకెళుతుందట. భార్య అన్నం వడ్డిస్తే మాస్టారు కంచం తెచ్చుకుని అక్క దగ్గరే కూర్చున్నాడు. బోర్డుల సంగతి చెప్పాడు. అక్క మొహం విప్పారింది.

"చూశావా మరి! నువ్వు తలుచుకుంటే ఎంతసేపురా. సైరన్ మెచ్చుకుందా? అది మెచ్చుకోవడమంటే మాటలా!"

నిజంగానే సంబరపడింది. అందులో ఎత్తిపొడుపు లేశం కూడా లేదు. అది చూడలేకే మాస్టారు అడిగేశాడు.

"ఎందుకు చెప్పలేదక్కా నాకు? ఒక్క మాట చెప్తే ఆ పూటే మార్చేవాణ్ణి కదా."

"మార్చేవాడివే. నాకు తెలీదూ? కానీ ఆ ఓనరు అందరి ముందూ నిన్ను నిలబెట్టిన రోజు నీ మొహం చూశాను కదరా. నా వేళ్ళ కోసం సన్నం చేస్తావు, అది మళ్ళీ ఓవెన్‌లో పడిందనుకో, మళ్ళీ ఆ మొహం నేను చూడలేను. గట్టిగా గియ్యమన్నది కూడా నేనే కదా."

"అయినా ఒక్కసారి చెప్పాల్సింది."

అక్క పట్టీ కట్టిన చేత్తో మడత పెట్టిన గుడ్డని సర్దింది. దాచాలన్న ఉద్దేశమూ లేదు, నిలదీయాలన్న ఉద్దేశమూ లేదు, అడిగాడు కాబట్టి చెప్పింది.

"ఒకసారి చెప్పానురా. నువ్వు ఇలాగే అన్నం తింటున్నావు. ఆ కిటికీ ముక్క మరీ మొండికేస్తోంది, కాస్త చూడరాదూ అన్నాను."

"నేనేమన్నాను?"

"చూద్దాంలే అక్కా, అన్నావు."

మాస్టారు చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు. అది ఎప్పుడని అడిగాడు. అక్కకి రోజు గుర్తు లేదు, చాలా ఏళ్ళయిందని మాత్రం అంది. అప్పటికింకా వేళ్ళు బాగానే ఉండేవట.

ఆ పూట ఏదో గుర్తు తెచ్చుకుందామని మాస్టారు ఎంత తన్నుకున్నాడో. ఇన్నేళ్ళలో గీసిన ప్రతి పలకా కళ్ళ ముందుకొచ్చింది, ఏ సందు ఎటు తిరుగుతుందో, ఏ మూల ఎన్ని చిల్లులున్నాయో అన్నీ వచ్చాయి. అక్క ఆ మాట అడిగిన భోజనం మాత్రం రాలేదు. అక్క పొరబడిందనుకోవడానికీ లేదు. 'చూద్దాంలే' అన్న మాట ఆయనదే, భార్యకీ కొడుక్కీ కంపెనీలో వాళ్ళకీ రోజూ అనే మాటే. అక్కకీ అనే ఉంటాడు. అనేసి, మజ్జిగ పోసుకుని, చెయ్యి కడుక్కుని వెళ్ళి పడుకునుంటాడు. తప్పయిపోయిందక్కా అని కాళ్ళ మీద పడాలన్నా, ఆ తప్పు చేసిన పూట ఏదో కాస్తయినా గుర్తుండాలి కదా. ఆయనకి గుర్తు రాలేదు.